కంప్యూటర్ బాగు చేసేవాళ్లున్నారు, అర్థమయ్యేలా చెప్పేవాళ్లేరీ?
గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో టెక్ సాయం మీద ఒక పరిశీలన

2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10కి ఉచిత సపోర్ట్ ఆపేసింది. మన మూడు జిల్లాల్లో ఆ సంగతి ఎంతమంది పట్టించుకున్నారు? మరుసటి రోజు పొద్దున జిరాక్స్ సెంటర్‌లో కంప్యూటర్ ఎప్పటిలాగే ఆన్ అయింది. ప్రింట్లు వచ్చాయి, టాలీ తెరుచుకుంది, ఆన్‌లైన్ ఫారాలు నిండాయి. ఏమీ ఆగలేదు కాబట్టి ఏమీ కాలేదనుకున్నారు.

సపోర్ట్ ఆగడమంటే కంప్యూటర్ ఆగిపోవడం కాదు. సిస్టంలో కొత్తగా బయటపడే లోపాలకు ఇకమీద ఉచితంగా మరమ్మతు రాదని అర్థం. తాళం పాతదైతే తలుపు ఒక్కసారిగా ఊడిపడదు, దొంగకు పని సులువవుతుందంతే. ఈ చిన్న ముక్కను మన భాషలో, మన దుకాణాల వాళ్లకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? ఈ వ్యాసం అడుగుతున్నది ఆ ప్రశ్నే.

కొత్త జిల్లా, పాత కంప్యూటర్

జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఒకే రోజు పుట్టిన జిల్లాలు. 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడిపోయాయి. జిల్లా కేంద్రం వస్తే దాని వెంట ఆఫీసులు, ఆఫీసుల వెంట జిరాక్స్ షాపులు, ఆన్‌లైన్ సెంటర్లు, డీటీపీ సెంటర్లు వస్తాయి. తొమ్మిది నెలలకు, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. అప్పటిదాకా ఎర్ర అట్ట ఖాతా పుస్తకంలో లెక్క రాసుకున్న దుకాణదారు కూడా కంప్యూటర్ ముందుకు రాక తప్పలేదు. నాలాంటి బీకాం వాళ్లకు టాలీ నేర్చుకుంటే నాలుగు డబ్బులొస్తాయన్న ధీమా కుదిరింది కూడా ఆ రోజుల్లోనే.

ఇప్పుడు లెక్క చూడండి. విండోస్ 11 పడాలంటే ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది ఉండాలి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ కావాలి. ఇంటెల్ ఎనిమిదో తరం మార్కెట్లోకి వచ్చిందే 2017 ఆగస్టులో. అంటే జిల్లాలు వచ్చిన ఏడాదిలో, జీఎస్టీ వచ్చిన నెలలో కొన్న ఇంటెల్ కంప్యూటర్లకు కంపెనీ లెక్క ప్రకారం విండోస్ 11 పట్టదు. తర్వాత కొన్నవాళ్లలోనూ సెకండ్ హ్యాండ్ తీసుకున్నవాళ్లది ఇదే పరిస్థితి.

ఇళ్లల్లో వాడే కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ ఒక ఏడాది గడువిచ్చింది. విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 ఉన్నవాళ్లు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేసుకుంటే రూపాయి ఖర్చు లేకుండా 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే దానికి సంబంధించిన లింకు కనబడుతుంది. వ్యాపార సంస్థల కంప్యూటర్లకు దారి వేరు, దానికి డబ్బు కట్టాలి.

ఈ పేరాలో ఉన్నదంతా చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. తెలియకపోతే మాత్రం మనిషి రెండు తప్పుల్లో ఒకటి చేస్తాడు. ఏమీ చేయకుండా వదిలేస్తాడు, లేదంటే ఎవరో భయపెడితే అవసరం లేకున్నా అప్పు చేసి కొత్త కంప్యూటర్ కొంటాడు. రెండు నిమిషాల మాట లేకపోతే జరిగే నష్టం వేల రూపాయల్లో ఉంటుంది.

మాగజైన్ నుంచి వీడియో దాకా

ఇలాంటి మాటను తెలుగులో చెప్పడమే జీవితపు పనిగా పెట్టుకున్నవాళ్లు లేకపోలేదు. అందరికంటే ముందు గుర్తొచ్చే పేరు నల్లమోతు శ్రీధర్ గారిది. ‘కంప్యూటర్ ఎరా’ అనే తెలుగు మాసపత్రికకు ఆయన సంపాదకుడిగా పనిచేశారు. ఇంటర్నెట్ అంటే నెట్ కేఫ్‌లో గంటకింత అని కట్టి కూర్చున్న కాలంలో ఆ పత్రిక ఊళ్లలోని కుర్రాళ్లకు కంప్యూటర్ గురించి తెలుగులో చెప్పింది. కంప్యూటర్ ఇంట్లో లేనివాళ్లు కూడా ఆ పత్రిక కొని చదివేవాళ్లు.

ఆయన ప్రయాణం చూస్తే తెలుగులో టెక్ సాయం చరిత్ర మొత్తం కనబడుతుంది. మొదట పత్రిక. పాఠకుల సందేహాలకు జవాబులు అచ్చులో వచ్చేవి. ఒకరు అడిగితే వేలమందికి జవాబు దొరికేది. తర్వాత బ్లాగులు, చాట్‌ల కాలం వచ్చింది. సమస్య ఉన్నవాళ్లతో నేరుగా మాట్లాడి పరిష్కారం చెప్పడం మొదలైంది. ఆ తర్వాత వీడియోలు. చదవడం బద్ధకమైనవాళ్లు, చదవడం రానివాళ్లు కూడా చూసి నేర్చుకునే వీలు దొరికింది.

ఈ మూడు దశల్లోనూ మారనిది ఆయన భాష. డౌన్‌లోడ్‌ను డౌన్‌లోడ్ అనే రాశారు, ఫోల్డర్‌ను ఫోల్డర్ అనే అన్నారు. వాక్యం మాత్రం మనం మాట్లాడుకునే తెలుగు. కంపెనీలు మన ఫోన్లలో పెట్టిన తెలుగు మెనూ తెరిచి చూడండి, తేడా తెలుస్తుంది. అందులో ప్రతి మాటా తెలుగే, కానీ ఏ బటన్ ఏం చేస్తుందో సగం మందికి అర్థం కాదు. అందుకే తెలుగు తప్ప ఇంకోటి రానివాళ్లు కూడా ఫోన్‌ను ఇంగ్లీషులోనే ఉంచుకుంటారు. కంపెనీలు మాటలను అనువదించాయి. శ్రీధర్ గారి లాంటివాళ్లు పనిని వివరించారు.

ఇదే కాలంలో ఇంకొందరు తెరవెనుక పునాదులు వేశారు. వెన్న నాగార్జున గారు 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టారు. పాత ఫాంట్లలో ఉన్న తెలుగును యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ కూడా ఆయన తయారుచేసిందే. వీవెన్ గారు 2006లో ‘లేఖిని’ తెచ్చారు. ఇంగ్లీషు కీబోర్డు మీద ‘అమ్మ’ అని ఎలా పలుకుతామో అలాగే కొడితే తెర మీద తెలుగు వస్తుంది. టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లని తరం తెలుగు రాయడం మొదలుపెట్టిందంటే అందులో లేఖినికి పెద్ద వాటా ఉంది.

ఇది అవసరమా అనుకునేవాళ్లు 2018 ఫిబ్రవరిని గుర్తు చేసుకోవాలి. ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచంలోనే పెద్ద కంపెనీ, లక్ష రూపాయల ఫోన్. మన గుణింతంలో ఉన్న అక్షరం దానికి మింగుడు పడలేదు. కొద్ది రోజుల్లో ఆపిల్ అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. పెద్ద కంపెనీ చేసింది కాబట్టి మన భాషలో అన్నీ సరిగానే ఉంటాయన్న నమ్మకం పెట్టుకోవద్దని ఆ ఘటన చెబుతుంది. మన భాషలో వాడి చూసి, ఇక్కడ తేడా ఉందని చెప్పే మనిషి మనలోంచే రావాలి.

మన దగ్గర ఆ పని ఎవరు చేస్తున్నారు?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ఈ పని చేస్తున్నది పేరున్న రచయితలు కాదు. బస్టాండ్ దగ్గర మొబైల్ రిపేర్ చేసే భాయ్, తహసీల్ ఆఫీస్ పక్కన ఆన్‌లైన్ సెంటర్ నడిపే తమ్ముడు, కాలేజీ దగ్గర జిరాక్స్ మిషన్ పెట్టుకున్న అన్న. చాలామంది ఇన్‌స్టిట్యూట్‌లో కాక ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా చేరి నేర్చుకున్నవాళ్లే. స్కూటర్ మెకానిక్ పని నేర్చుకున్నట్టే కంప్యూటర్ పనీ నేర్చుకున్నారు. ముందు స్క్రూలు విప్పడం, తర్వాత ఫార్మాట్ కొట్టడం, ఆ తర్వాత సొంత దుకాణం.

వీళ్ల మీద పడుతున్న బరువు ఏటేటా పెరుగుతోంది. 2011లో మీ సేవ వచ్చింది. 2020 అక్టోబర్‌లో భూముల రికార్డులకు ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూ భారతి వచ్చింది. పోర్టల్ మారిన ప్రతిసారీ రైతు మళ్లీ మొదటి నుంచి అడగాల్సిందే. ఇవి కాక స్కాలర్‌షిప్ ఫారాలు, ఆధార్ అప్‌డేట్, పరీక్షల హాల్‌టికెట్లు, రేషన్ కార్డు ఈకేవైసీ. నల్లమల అంచున ఉన్న ఊరి నుంచి వచ్చిన మనిషికి వెబ్‌సైట్ అంటే ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడే. వాడు ‘కాదు’ అంటే కాదు, ‘రేపు రా’ అంటే ఒక రోజు కూలీ, బస్ చార్జీ పోయినట్టే.

మరి ఈ పనికి ధర ఎంత? బీకాంలో నేర్పిన ఒక ముక్క ఇక్కడ పనికొస్తుంది. బ్యాలెన్స్ షీట్‌లో ‘గుడ్‌విల్’ అని ఒక ఆస్తి ఉంటుంది. కంటికి కనబడదు, చేతికి తగలదు. వ్యాపారం మీద జనం పెట్టుకున్న భరోసాకు అది విలువ. మామూలుగా దాన్ని ఖాతాలో చూపరు, వ్యాపారం అమ్మినప్పుడో కొన్నప్పుడో మాత్రమే బయటపడుతుంది. మన టెక్నీషియన్ల కథ కూడా ఇంతే. ర్యామ్ వేస్తే బిల్లు ఉంటుంది, హార్డ్ డిస్క్ మారిస్తే బిల్లు ఉంటుంది. ‘అమ్మా, ఆ లింకు నొక్కకు, అది మోసం’ అని చెప్పినందుకు బిల్లు ఉండదు. ఆ రోజు ఆమె ఖాతాలో ఇరవై వేలు మిగిలినా సరే.

బిల్లు లేని పని మనిషికి బరువవుతుంది. అందుకే చాలా దుకాణాల్లో వివరించడం తగ్గిపోయింది. సమస్య ఏదైనా ఒకటే మందు, ఫార్మాట్. ఎందుకొచ్చిందో చెప్పరు, మళ్లీ రాకుండా ఏం చేయాలో చెప్పరు. క్రాక్ చేసిన విండోస్ వేసి పంపుతారు. అలాంటి సిస్టంలో ఏమేం దాగి ఉన్నాయో వేసినవాడికీ తెలియదు. మూడు నెలలకు కస్టమర్ మళ్లీ వస్తాడు. దుకాణానికి గిరాకీ దొరికినట్టే ఉంటుంది కానీ భరోసా మాత్రం తగ్గుతూ పోతుంది.

ఖాళీ చోట దొంగ కూర్చుంటాడు

అడగడానికి నమ్మకమైన మనిషి లేనిచోట మోసగాడికి కుర్చీ వేసినట్టే. ఇప్పుడు జరుగుతున్న సైబర్ మోసాల్లో చాలావాటికి వేషం ఒకటే, ‘సాయం’. కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతికితే మోసగాళ్లు పెట్టిన నంబర్ తగులుతుంది. ‘మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టింది, వెంటనే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి’ అని తెర నిండా ఎర్రగా వస్తుంది. ఫోన్ చేస్తే ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి, మన తెరను వాడు నడుపుతాడు. ఈ తరహా మోసం మీద రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. ఈ మధ్య ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు తిరుగుతున్నాయి. నొక్కి ఇన్‌స్టాల్ చేసి, అడిగిన పర్మిషన్లు ఇస్తే మన మెసేజ్‌లు వాడి చేతికి పోతాయి, ఓటీపీతో సహా.

గమనించండి, దొంగ చాలా ఓపికగా మాట్లాడతాడు. ‘అంకుల్, కంగారు పడకండి, నేను చెప్పినట్టు చేయండి’ అంటాడు. తెలుగైతే తెలుగు, హిందీ అయితే హిందీ. మన దుకాణంలో దొరకని ఓపిక దొంగ దగ్గర దొరుకుతోంది. పల్లె నుంచి వచ్చిన పెద్దాయన మోసపోయాడంటే చదువు లేక అనుకుంటాం. అసలు కారణం వేరే. ఆయనతో అంతసేపు మర్యాదగా మాట్లాడినవాడు అప్పటిదాకా ఇంకొకడు లేడు.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. అది జాతీయ సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే ఆ డబ్బు నాలుగు ఖాతాలు మారి విత్‌డ్రా కూడా అయిపోతుంది. ఈ నంబర్ ప్రతి మొబైల్ షాపు గోడ మీద ఉండాలి.

ఏఐని అడిగితే చాలదా?

ఇప్పుడు చాలామంది పిల్లలు అనే మాట ఇది. ఫోన్‌లో ఏఐని తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబిస్తోంది కదా, ఇంకా రచయితలెందుకు, టెక్నీషియన్లెందుకు అని. ఇందులో నిజం ఉంది. ఎక్సెల్‌లో ఫార్ములా ఎలా రాయాలి, ప్రింటర్ ఆఫ్‌లైన్ చూపిస్తే ఏం చేయాలి లాంటి వాటికి అది బాగానే పనికొస్తుంది. ఇంగ్లీషు రాక వెనకబడ్డ కుర్రాడికి అది పెద్ద ఆసరా. కాదనకూడదు.

కానీ తెలియని సంగతిని కూడా తెలిసినట్టే చెప్పడం దాని అలవాటు. ఉన్న మెనూ, లేని మెనూ ఒకే ధీమాతో చెబుతుంది. తేడా పట్టాలంటే అడిగేవాడికి ముందే కొంత తెలిసి ఉండాలి. ఇంకో సంగతి, తప్పు జరిగితే దానికి బాధ్యత ఉండదు. శ్రీధర్ గారు పత్రికలో తప్పు రాస్తే పాఠకుడు ఉత్తరం రాసి అడగగలిగేవాడు. మన భాయ్ తప్పు చేస్తే రేపు దుకాణం ముందు నిలబడి అడగొచ్చు. పేరు, ముఖం ఉన్న మనిషి మాటకు ఉండే బరువు అదే.

ఉర్దూ, దక్కనీ, తెలుగు

మన ఇళ్ల సంగతి కూడా మాట్లాడుకోవాలి. పాలమూరు ముస్లిం ఇళ్లలో మాట్లాడేది దక్కనీ. బడిలో చదివింది చాలామందికి తెలుగు మీడియం. వాట్సాప్‌లో రాసేది ఇంగ్లీషు అక్షరాలతో ఉర్దూ. ఉర్దూను 2017లో రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేశారు. కానీ ఫారం నింపేటప్పుడు ఉర్దూలో సాయం చెప్పే పేజీ దొరకడం కష్టం. నస్తాలిఖ్ లిపి తెర మీద అందంగా కూర్చోవడానికే ఏళ్లు పట్టింది, ఉర్దూ అచ్చు పని చాలాకాలం ఇన్‌పేజ్ అనే ఒక్క సాఫ్ట్‌వేర్ మీదే ఆధారపడింది.

అందువల్ల తెలుగులో వచ్చే టెక్ రచన మన పిల్లలకు కూడా దగ్గరి దారే. ఇక అమ్మీ, దాదీల సంగతి. వాళ్లకు చదివే పాఠం కంటే వినే పాఠం కావాలి. దక్కనీలో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ చాలు. ‘ఓటీపీ కిసీకు నక్కో బోలో’ అన్న ఒక్క మాట, ఇంట్లో మనవడి గొంతులో వస్తే, ఏ ప్రకటనకంటే ఎక్కువ పనిచేస్తుంది.

చేయగలిగింది ఏమిటి?

పెద్ద పథకాల కోసం ఎదురుచూడకుండా మొదలుపెట్టే పనులున్నాయి.

ముందు దుకాణాలు. ఒక సెంటర్‌లో ఒకే ప్రశ్నకు రోజుకు పదిసార్లు, ఐదేసి నిమిషాలు జవాబు చెబుతున్నారనుకుందాం. రోజుకు 50 నిమిషాలు. నెలకు 25 పని దినాలైతే దాదాపు 21 గంటలు. అదే జవాబును తెలుగులో ఒక పేజీ రాసి, ప్రింట్ తీసి గోడకు అంటిస్తే అందులో సగం సమయం మిగిలినా నెలకు పది గంటలు. ఏ సర్టిఫికెట్‌కు ఏ కాగితాలు కావాలి, ఫీజు ఎంత, ఎన్ని రోజులు పడుతుంది. ఇంత రాస్తే చాలు. పత్రికలో ఒక్క జవాబు వేలమందికి చేరినట్టు ఇది ఒక ఊరికి చేరుతుంది. రాయడాన్ని దానం అనుకోవద్దు, వ్యాపార లెక్కలోనూ అది లాభమే.

రెండోది కాలేజీలు. వనపర్తి రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. మూడు జిల్లాల్లోనూ డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ పేరుతో ఇంగ్లీషు రిపోర్టులను కాపీ కొట్టించే బదులు ప్రతి విద్యార్థితో ఒక నిజమైన సమస్యకు తెలుగులోనో ఉర్దూలోనో రెండు పేజీల పరిష్కారం రాయించవచ్చు. రాసింది పనిచేస్తుందో లేదో ఊళ్లో ఒకరి చేత చేయించి చూడాలి. వాళ్లకు అర్థమైతేనే మార్కులు. నలుగురికి అర్థమయ్యేలా రాయగలిగిన పిల్లవాడికి హైదరాబాద్‌లో సపోర్ట్ ఉద్యోగం దొరకడం కూడా సులువవుతుంది. ఆ ఉద్యోగంలో సగం పని వినడం, మిగతా సగం వివరించడం.

మూడోది మనం. మంచి సలహా ఇచ్చిన టెక్నీషియన్‌కు, పార్ట్ ఏదీ మార్చకపోయినా, సలహా ఫీజు ఇవ్వడం అలవాటు చేసుకోవాలి. డాక్టర్ మందు రాయకుండా ‘ఏం లేదు, పోండి’ అన్నా ఫీజు ఇస్తాం కదా. ఈ అలవాటు రానంతవరకు దుకాణదారుకు ఫార్మాట్ కొట్టడమే లాభంగా కనబడుతుంది.

ఇక విండోస్ 10 ఉన్నవాళ్లు తొందరపడి కంప్యూటర్ అమ్మేయకండి. ముందు ఫైళ్లన్నీ ఇంకో డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసుకోండి. ఇంటి కంప్యూటరైతే పైన చెప్పిన ఉచిత గడువుకు నమోదు చేసుకోండి. కేవలం ఇంటర్నెట్ చూడడానికి, ఉత్తరాలు టైప్ చేయడానికి వాడేవాళ్లు లినక్స్ మింట్ లాంటి ఉచిత సిస్టం వేయించుకోవచ్చు, పాత మిషన్ మీద కూడా బాగానే నడుస్తుంది. టాలీ వాడే దుకాణదారులకు ఆ దారి కుదరదు, టాలీకి విండోస్ కావాలి. వాళ్లు వచ్చే అక్టోబర్ లోపు కొత్త మిషన్‌కు నెలనెలా కొంత పక్కన పెట్టుకోవడం మంచిది.

కంప్యూటర్ అంటే ఇష్టం ఉన్న కుర్రాడు ప్రతి వీధిలో ఒకడుంటాడు. నల్లమోతు శ్రీధర్ గారు, వీవెన్ గారు, నాగార్జున గారు కూడా అలాంటి ఇష్టంతో మొదలైనవాళ్లే. తమకు తెలిసింది తమ దగ్గరే ఉంచుకోకుండా తెలుగులో పెట్టారు కాబట్టి ఇవాళ వాళ్ల గురించి రాస్తున్నాం. గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో ఆ పని మొదలుపెట్టాలనుకునేవాళ్లకు మొదటి పేజీకి విషయం సిద్ధంగానే ఉంది. 1930 నంబర్, విండోస్ గడువు, నొక్కకూడని ఏపీకే. మూడూ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఈ వారమే మీ దుకాణం గోడకు అంటించండి.